బ్లాకులు ఎన్నో రక్తం చెప్పదు, మరి ఏం చెబుతుంది?

యాంజియోగ్రామ్ చేయాలని గుండె డాక్టరు చెప్పగానే చాలా కుటుంబాల నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: రక్త పరీక్షతో తేలదా? మణికట్టు దగ్గరో తొడ దగ్గరో సన్నని గొట్టం పెట్టి గుండె దాకా తీసుకెళ్లడమంటే ఎవరికైనా టెన్షనే. షుగరుకు రక్త పరీక్ష ఉంది, థైరాయిడ్‌కు ఉంది, కిడ్నీలకు ఉంది. గుండె నాళాల్లో పూడిక ఎంతుందో చెప్పే పరీక్ష మాత్రం ఎందుకు ఉండకూడదు?

ఎన్ని బ్లాకులు, ఏ నాళంలో, ఎంత శాతం అన్నది చెప్పగలిగే రక్త పరీక్ష ఇప్పటికీ లేదు. అలాగని రక్తం చెప్పేది తక్కువేమీ కాదు. యాంజియోలో కనిపించని సంగతులు కొన్ని రక్తంలోనే దొరుకుతాయి. చిక్కంతా 'తీవ్రత' అనే మాటతోనే వస్తుంది.

'జబ్బు ముదిరింది' అని ఒక్క మాటలో అనేస్తాం. ఆ మాట వెనక వేర్వేరు ప్రశ్నలున్నాయి. నాళం ఎంత మూసుకుపోయిందన్నది ఒకటి. గుండె కండరానికి ఇప్పటిదాకా ఎంత నష్టం జరిగిందన్నది మరొకటి. రాబోయే ఐదేళ్లలోనో పదేళ్లలోనో ఈ మనిషికి ప్రాణాపాయం ఎంతన్నది ఇంకొకటి. రోగికీ ఇంట్లోవాళ్లకూ నిజంగా కావలసింది ఈ చివరి ప్రశ్నకు జవాబు. అయినా అందరి చూపూ మొదటిదాని మీదే ఉంటుంది. దానికి కళ్లకు కనిపించే బొమ్మ ఉంది కాబట్టి.

ఆ బొమ్మ పుట్టిందే అనుకోకుండా. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టరు బృహద్ధమనిలోకి రంగు మందు ఎక్కిస్తుండగా గొట్టం కొస జారి కుడి కరోనరీ ధమనిలోకి దూరింది. రోగి గుండె కొద్ది క్షణాలు ఆగి, మళ్లీ కొట్టుకుంది. నాళం మాత్రం తెర మీద కొమ్మలతో సహా స్పష్టంగా కనిపించింది. కరోనరీ యాంజియోగ్రఫీకి అదే మొదలు. తర్వాతి కాలంలో బ్లాకులకు మార్కులు వేసే పద్ధతులు వచ్చాయి. గెన్సిని స్కోరు పూడిక శాతాన్నీ, అది ఏ నాళంలో ఏ చోట ఉందన్నదాన్నీ కలిపి లెక్కగడుతుంది. సింటాక్స్ స్కోరు ఇంకా వివరమైనది. 22 లోపు వస్తే తక్కువ, 33 లేదా అంతకు మించితే సంక్లిష్టమైన జబ్బు అని అర్థం. స్టెంటా, బైపాసా అని తేల్చుకోవడానికి ఈ అంకె చాలా ఉపయోగపడుతుంది.

కానీ ఈ మార్కులన్నీ నాళం లోపల సందు ఎంత మిగిలిందన్న దాని గురించే. నాళం గోడలో ఏం జరుగుతోందో అవి చెప్పవు. చాలా గుండెపోట్లు అంతకుముందు పెద్దగా మూసుకోని చోటే వస్తాయి. గోడలో పేరుకున్న కొవ్వు మీది పల్చటి పొర చిట్లుతుంది, దాని మీద నిమిషాల్లో రక్తం గడ్డకడుతుంది, నాళం మూసుకుపోతుంది. నిన్నటి దాకా మెట్లెక్కినా ఆయాసం రాని మనిషి ఇవాళ పడిపోవడానికి కారణం ఇదే. ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనం 2020లో ప్రచురితమైంది. నిలకడగా ఉన్న కరోనరీ జబ్బుతో, గుండెకు రక్తం చాలినంత అందని 5,179 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మందులతో పాటు ముందే యాంజియో చేసి, అవసరమైతే స్టెంటో బైపాసో చేశారు. రెండో జట్టుకు ముందు మందులే ఇచ్చారు. సుమారు మూడేళ్లు చూసినా గుండెపోట్లు, మరణాల మొత్తంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఛాతీ నొప్పి మాత్రం మొదటి జట్టులో బాగా తగ్గింది. ఎడమ ప్రధాన ధమనిలో పెద్ద బ్లాకు ఉన్నవాళ్లను ఈ అధ్యయనంలో చేర్చలేదని మరిచిపోకూడదు. అయినా సందు ఎంత మిగిలిందన్న దాని ఒక్కదానితోనే మనిషి భవిష్యత్తు తేలదన్నది ఇక్కడ బలంగా రుజువైంది. రక్త పరీక్షలకు చోటు దొరికేది సరిగ్గా ఇక్కడే.

వాటిలో అన్నిటికన్నా నమ్మదగినది ట్రోపోనిన్. గుండె కండరం ముడుచుకోవడానికి పనిచేసే ప్రోటీన్ ఇది. కండర కణాలు దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. గుండెపోటును రక్తంలో పట్టుకోవడం 1954లో ఏఎస్‌టీ అనే ఎంజైముతో మొదలైంది. అదే పరీక్ష ఇవాళ కాలేయం కోసం చేస్తున్నాం, దాన్నిబట్టే తెలుస్తుంది అది గుండెకు ఎంత మాత్రం ప్రత్యేకమో. తర్వాత సీకే-ఎంబీ అనే మరో ఎంజైము చాలాకాలం ఏలింది. 1980ల చివర్లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హ్యూగో కాటస్ బృందం ట్రోపోనిన్-టీ పరీక్షను తయారుచేశాక లెక్క మారింది. 2000లో యూరప్, అమెరికా గుండె వైద్య సంఘాలు గుండెపోటు నిర్వచనాన్నే ట్రోపోనిన్ చుట్టూ తిరిగి రాశాయి.

ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో చేసేది హై సెన్సిటివిటీ ట్రోపోనిన్. లీటరు రక్తద్రవంలో ఒక గ్రాములో వందకోట్లవ వంతు, అంటే నానోగ్రాముల లెక్కలో కొలుస్తుంది. ట్రోపోనిన్-టీకి లీటరుకు 14 నానోగ్రాములు దాటితే ఎక్కువ ఉన్నట్టు. ఇందులోనే మరో రకమైన ట్రోపోనిన్-ఐకి మాత్రం ఏ కంపెనీ యంత్రమైతే ఆ కంపెనీ హద్దు. కాబట్టి ఒక ల్యాబ్‌లో ఉదయం, ఇంకో ల్యాబ్‌లో సాయంత్రం చేయించి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. ఎక్కువ, తక్కువ అనేదానికన్నా గంటల వ్యవధిలో అంకె కదులుతోందా లేదా అన్నదే ముఖ్యం. అత్యవసర విభాగంలో ఒకసారి తీసి, గంటకో రెండు గంటలకో మూడు గంటలకో మళ్లీ తీసేది అందుకే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో 40 దగ్గర నెలల తరబడి నిలిచిపోయిన ట్రోపోనిన్ వేరు, 8 నుంచి 60కి ఎగబాకిన ట్రోపోనిన్ వేరు. మొదటిది చాలాకాలంగా మెల్లగా సాగుతున్న గాయపు గుర్తు కావచ్చు. రెండోది అప్పుడే జరుగుతున్న నష్టం.

ట్రోపోనిన్ కారణాన్ని చెప్పదని కూడా గుర్తుంచుకోవాలి. గుండె కండరానికి దెబ్బ తగిలిందని చెబుతుంది, ఎవరు కొట్టారో చెప్పదు. ఊపిరితిత్తుల నాళంలో గడ్డ అడ్డుపడినా, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ విపరీతంగా పాకినా, గుండె కండరం వాచినా, చివరికి మారథాన్ పరిగెత్తినా అది పెరుగుతుంది. యాంజియోలో నాళాలు శుభ్రంగా ఉండి ట్రోపోనిన్ ఎక్కువగా ఉన్న రోగులు ఎందరో. దీనికి తిరకాసు కూడా ఉంది. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గిపోయే యాంజైనాతో వచ్చిన మనిషికి ట్రోపోనిన్ పూర్తిగా మామూలుగా ఉండి, మూడు నాళాల్లోనూ 80 శాతం బ్లాకులు ఉండొచ్చు. సందు ఇరుకైంది గానీ కండరం ఇంకా చావలేదు కాబట్టి రక్తంలో జాడ లేదు. 'ట్రోపోనిన్ నెగెటివ్, ఇక భయం లేదు' అని ఇంటికి వెళ్లిపోవడంలోని ప్రమాదం ఇది. ఆ నెగెటివ్‌కు అర్థం, అదీ కొన్ని గంటల తేడాతో మళ్లీ చూశాక, ఇప్పుడు గుండెపోటు జరగడం లేదని మాత్రమే.

ఇంకో చిన్న విషయం, కానీ తెలిసి ఉండాల్సింది. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు మందుల షాపుల్లో విరివిగా దొరుకుతున్నాయి. ఎక్కువ మోతాదులో బయోటిన్ తీసుకుంటే కొన్ని యంత్రాల్లో ట్రోపోనిన్ నిజానికన్నా తక్కువగా చూపిస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. ఛాతీ నొప్పితో వెళ్లినప్పుడు ఈ మాత్రల సంగతి డాక్టరుకు చెప్పడం ప్రాణానికి సంబంధించిన విషయం.

గుండెపోటు లేనివాళ్లలో ట్రోపోనిన్‌కు పనేముంది? ఈ ప్రశ్నకు 2009లో వచ్చిన జవాబు చాలామంది ఆలోచనను మార్చింది. పీస్ అనే అధ్యయనంలో నిలకడగా ఉన్న కరోనరీ రోగులు 3,679 మంది రక్తాన్ని కొత్త సున్నిత పరీక్షతో చూశారు. 97.7 శాతం మందిలో ఎంతోకొంత ట్రోపోనిన్ కనిపించింది. 11.1 శాతం మందిలో అది మామూలు హద్దు దాటింది. వీళ్లు అప్పటికప్పుడు గుండెపోటుతో వచ్చినవాళ్లు కాదు, మందులు వాడుకుంటూ తిరుగుతున్నవాళ్లు. ఐదేళ్లకు పైగా గమనించాక తేలిందేమిటంటే, ఆ అంకె ఎంత ఎక్కువుంటే గుండె జబ్బుతో చనిపోయే అవకాశం, గుండె బలహీనపడే అవకాశం అంత ఎక్కువ. కొత్త గుండెపోటుతో మాత్రం దానికి అలాంటి సంబంధం కనిపించలేదు. గుండెపోటును పట్టే పరీక్షే రాబోయే గుండెపోటును ఊహించలేకపోయింది! ఆలోచిస్తే అర్థమవుతుంది. నిలకడ స్థితిలో ట్రోపోనిన్ కండరం మెల్లగా అరిగిపోవడాన్ని చూపిస్తుంది. పూడిక ఎప్పుడు చిట్లుతుందో దానికి తెలియదు.

కండరం పడే భారాన్ని చెప్పేది 'బ్రెయిన్ నేట్రియురెటిక్ పెప్టైడ్' అనే హార్మోను, అంటే బీఎన్‌పీ. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని మొదట పంది మెదడులో కనుగొన్నారు. పేరులో 'బ్రెయిన్' అలా చేరింది. నిజానికి ఎక్కువగా తయారయ్యేది గుండె కింది గదుల్లోనే. గోడలు సాగినప్పుడు గుండె దీన్ని విడుదల చేస్తుంది. దానితోపాటే పుట్టే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ల్యాబుల్లో దాన్నే ఎక్కువ కొలుస్తారు. డెన్మార్క్‌లో 1,034 మంది కరోనరీ రోగులను సుమారు తొమ్మిదేళ్లు గమనించి 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎకోలో గుండె పంపింగ్ ఎంతున్నా సరే, ఈ అంకె ఎక్కువున్నవాళ్లలో మరణాలు ఎక్కువని అది తేల్చింది. 'ఎకో బాగానే ఉంది కదా' అన్న భరోసాకు ఇది గట్టి సవరణ. అయితే వయసు పెరిగినా, కిడ్నీలు దెబ్బతిన్నా, గుండె లయ తప్పినా ఈ అంకె పెరుగుతుంది. లావుగా ఉన్నవాళ్లలో విచిత్రంగా తగ్గుతుంది. వయసూ బరువూ తెలియకుండా దీన్ని చదవలేం.

ఇక సీఆర్‌పీ దగ్గరికి వస్తే కథ మరింత లోతైనది. పూడిక అంటే పైపులో మురికి పేరుకోవడం లాంటిదని చాలామంది అనుకుంటారు. అది నిజానికి గోడ లోపల నెమ్మదిగా రగిలే వాపు. ఆ వాపు సెగ తగిలి కాలేయం తయారుచేసే ప్రోటీన్ సీఆర్‌పీ. సున్నిత పరీక్షలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ అని 2003 నుంచి వాడుకలో ఉన్న లెక్క. జలుబు చేసినా, పంటి చిగురు వాచినా ఇది పెరుగుతుంది గనుక ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. ఒంట్లో ఏ నలతా లేనప్పుడు రెండు వారాల ఎడంతో రెండుసార్లు చూడాలి.

సీఆర్‌పీ నిప్పా, పొగా? పుట్టుకతోనే సీఆర్‌పీ ఎక్కువగా ఉండే జన్యువులున్నవాళ్లను పరిశీలిస్తే వాళ్లకు గుండె జబ్బు ఎక్కువగా రాలేదు. అంటే సీఆర్‌పీ పొగ మాత్రమే, నిప్పు ఇంకెక్కడో ఉంది. ఆ నిప్పు మీద నీళ్లు చల్లితే ఏమవుతుందో 2017లో కాంటోస్ అధ్యయనం చూపించింది. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 లేదా అంతకన్నా ఎక్కువున్న 10,061 మందిలో కొందరికి వాపును అణచే కనకినుమాబ్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొలెస్టరాల్ ఏమాత్రం తగ్గకుండానే గుండెపోట్లు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలు కలిపి సుమారు 15 శాతం తగ్గాయి. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు కొంత పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు, మందు ఖరీదూ విపరీతం. అందుకే అది గుండె వైద్యంలోకి రాలేదు. ఎప్పటి నుంచో గౌటు నొప్పికి వాడే చవకైన కోల్చిసిన్‌ను ఇదే దారిలో పరీక్షించారు. కొన్ని పెద్ద అధ్యయనాల్లో మేలు కనిపించింది, 2024లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో కనిపించలేదు.

పొగను నిప్పనుకుని పరిగెత్తిన సందర్భాలు ఈ రంగంలో చాలా ఉన్నాయి. ఎల్‌పీ-పీఎల్ఏ2 అనే ఎంజైము ఎక్కువున్నవాళ్లకు గుండెపోట్లు ఎక్కువని తేలగానే దాన్ని అణచే డారాప్లాడిబ్ తయారుచేశారు. 15,828 మంది మీద ప్రయోగించారు. ఎంజైము తగ్గింది, ఆశించిన మేలు జరగలేదు. రక్తంలో ఉండే హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం సంగతీ అంతే. ఫోలిక్ యాసిడ్, బీ6, బీ12 విటమిన్లతో దాన్ని తగ్గించి చూసిన హోప్-2 అధ్యయనంలో గుండెపోట్లు తగ్గలేదు. 2006లోనే ఇది తేలిపోయింది. అయినా ఇవాళ్టికీ 'కార్డియాక్ ప్యాకేజీ'ల్లో హోమోసిస్టీన్ కనిపిస్తూనే ఉంది. శాకాహారుల్లో బీ12 లోపం వల్ల అది తరచూ ఎక్కువగానే వస్తుంది. ఆ ఎర్ర అక్షరాలు చూసి భయపడేవాళ్లు ఎందరో. బీ12 తక్కువుంటే వేసుకోవాల్సిందే, నరాల కోసం, రక్తం కోసం. దానితో గుండె కాపాడుకున్నామనుకుంటే మాత్రం అసలు మందుల మీద అశ్రద్ధ మొదలవుతుంది.

దీనికి పూర్తి విరుద్ధం లైపోప్రోటీన్-ఏ. ఇది పొగ కాదు, నిప్పే. నార్వేకు చెందిన కోరె బెర్గ్ 1963లో దీన్ని గుర్తించారు. చెడు కొలెస్టరాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ కణానికి ఇందులో మరో ప్రోటీన్ అతుక్కుని ఉంటుంది. ఎంత ఉండాలన్నది చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులే నిర్ణయిస్తాయి. తిండి మార్చినా, నడిచినా పెద్దగా తేడా రాదు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. మనకు ఇది మరింత ముఖ్యం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు వచ్చిన మధ్యస్థ వయసు 53 ఏళ్లు, మిగతా ప్రపంచంలో సుమారు 59. లైపోప్రోటీన్-ఏ ఎక్కువగా ఉండటం వల్ల పెరిగే గుండెపోటు ముప్పు కూడా దక్షిణాసియా వాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. పొగ తాగని, షుగరు లేని, నలభై దాటని మనిషికి గుండెపోటు వచ్చిన ఇంట్లో ముందు చూడాల్సిన పరీక్ష ఇది. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. అది ఎక్కువని తేలితే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పిల్లలూ చూపించుకోవాలి, ఎల్‌డీఎల్‌ను మరింత గట్టిగా తగ్గించుకోవాలి. దీన్నే నేరుగా తగ్గించే మందులను పెద్ద ఎత్తున పరీక్షిస్తున్నారు.

ఇంతకీ, బ్లాకుల స్కోరుకూ రక్తంలోని ఫలానా ప్రోటీనుకూ సంబంధం ఉందని తరచూ వార్తలు వస్తుంటాయి కదా, వాటినేమనుకోవాలి? ఆ అధ్యయనాలు చాలావరకు ఒకే ఆసుపత్రిలో వందా రెండు వందల మందితో జరిగినవి. సంబంధం నిజమే అయినా అది సగటుల మధ్య సంబంధం. ఎక్కువ బ్లాకులున్నవాళ్లందరి సగటు, తక్కువున్నవాళ్లందరి సగటు కన్నా పైన ఉంటుంది. విడివిడిగా చూస్తే రెండు గుంపుల అంకెలూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. ఇలాంటి పత్రాల్లో ఏయూసీ అనే కొలత ఇస్తారు. అది 0.70 అంటే, జబ్బు ముదిరిన ఒకరినీ ముదరని ఒకరినీ ఎంచుకుంటే వంద జతల్లో 70 సార్లు ముదిరినవారి అంకె ఎక్కువుంటుంది, 30 సార్లు ఉండదు. బొమ్మాబొరుసూ వేసినా 50 సార్లు సరిపోతుంది. పరిశోధనకు అది పనికొచ్చే ఆధారమే. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి యాంజియో మానేయమని చెప్పడానికి ఏమాత్రం సరిపోదు. పైగా వయసు, షుగరు, పొగ తాగడం ఈ అంకెలనూ పెంచుతాయి, బ్లాకులనూ పెంచుతాయి. వాటిని తీసేసి లెక్కేస్తే చాలా సంబంధాలు పల్చబడిపోతాయి.

అందుకే ఏ ఒక్క పరీక్ష మీదా ఆధారపడకుండా కలిపి చూసే పద్ధతులు నిలబడ్డాయి. నిలకడగా ఉన్న కరోనరీ రోగుల కోసం తయారైన ఏబీసీ స్కోరు వయసుకు ట్రోపోనిన్, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, ఎల్‌డీఎల్ కలిపి, పొగ తాగడం, షుగరు, కాళ్ల నాళాల జబ్బు వంటి సంగతులు జతచేసి గుండె జబ్బుతో చనిపోయే ముప్పును లెక్కిస్తుంది. గుండెపోటుతో చేరినవాళ్ల కోసం గ్రేస్ స్కోరు ఉంది. ఇందులో ఎనిమిది అంశాలుంటే, రక్తం నుంచి వచ్చేవి రెండే. ఒకటి ట్రోపోనిన్. రెండోది అతి మామూలు పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. మండల కేంద్రంలోని చిన్న ల్యాబ్‌లో కూడా దొరికే క్రియాటినిన్, ఖరీదైన కొత్త ప్రోటీన్లన్నిటినీ దాటి ఆ పట్టికలో చోటు సంపాదించింది. గ్రేస్ 140 దాటితే వీలైతే 24 గంటల్లోపు యాంజియోకు తీసుకెళ్లాలని మార్గదర్శకాలు చెబుతాయి.

మన దగ్గర ఈ చర్చకు ఇంకో కోణం ఉంది. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలు సేకరిస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. ఇరవై ఏళ్ల కిందటే పల్లెల పరిస్థితి అది. దేశవ్యాప్తంగా 20,468 మందితో జరిగి 2008లో ప్రచురితమైన క్రియేట్ అనే గుండె రోగుల నమోదులో దాదాపు 60 శాతం మంది నాళం పూర్తిగా మూసుకుపోయే పెద్ద రకం గుండెపోటుతో వచ్చినవాళ్లే. ఆ రకం గుండెపోటును ఈసీజీ పట్టిస్తుంది. మనిషి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, అందులో కనిపిస్తే ట్రోపోనిన్ రిపోర్టు కోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టాలి. తొలి గంటల్లో ట్రోపోనిన్ ఇంకా పెరిగి ఉండకపోవచ్చు కూడా. 'గ్యాస్ నొప్పేమో, ముందు ల్యాబ్‌లో చూపించుకుందాం' అనుకుంటూ గడిపే రెండు గంటల్లో చచ్చిపోయిన కండరం మళ్లీ రాదు.

స్టెంటో బైపాసో అయి ఇంటికొచ్చినవాళ్ల సమస్య వేరు. వాళ్లకు కాలక్రమంలో చూసుకోవాల్సిన పరీక్షలు కొద్దే: ఎల్‌డీఎల్, మూడు నెలల షుగరు సగటు, క్రియాటినిన్, ఒకసారి లైపోప్రోటీన్-ఏ, ఆయాసం ఉంటే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. వీటిలోనూ ఎల్‌డీఎల్ దగ్గర జరిగే పొరపాటు చాలా పెద్దది. రిపోర్టు కాగితం మీద పక్కన '100 లోపు ఉండాలి' అని అచ్చువేసి ఉంటుంది. మన అంకె 96 వస్తుంది. ఎర్ర అక్షరాల్లేవు, నక్షత్రం గుర్తు లేదు. అంతా బాగుందనుకుని, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర సగం చేసేవాళ్లు, పూర్తిగా మానేసేవాళ్లు ఉన్నారు. ఆ 100 ఏ జబ్బూ లేనివాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసిన గీత. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు యూరప్ గుండె వైద్య సంఘం 2019 నుంచి చెబుతున్న లక్ష్యం డెసిలీటరుకు 55 మిల్లీగ్రాముల లోపు, మందులకు ముందున్న దానిలో సగానికైనా తగ్గాలి. ఆ కాగితం మీద 55 అనే అంకె ఎక్కడా ఉండదు. దాన్ని పెన్నుతో రాసి ఇవ్వాల్సింది డాక్టరు, అడిగి రాయించుకోవాల్సింది ఇంటివాళ్లు.